బూట్ల పెట్టె, బైనాక్యులర్

ఆదివారం, రాత్రి 10 గంటలు.

బీరువా పై అర సర్దాలని పొద్దున్నే కూర్చున్నాను. గంటలో అయిపోతుందనుకున్న పని సాయంత్రం దాకా సాగింది.

మొదట చేతికొచ్చింది బూట్ల పెట్టె. ఏడేళ్ళ క్రితం కొన్నవి. ఏదైనా మంచి సందర్భానికి వేసుకుందామని లోపలి కాగితం కూడా తీయకుండా దాచాను. ఈ ఏడేళ్ళలో మంచి సందర్భాలు చాలానే వచ్చాయి. ఒక్కటీ ఆ బూట్లకు తగినంత మంచిదిగా అనిపించలేదు. ఇవాళ ఎందుకో తొడుక్కుని చూద్దామనిపించింది. గదిలో నాలుగడుగులు వేశానో లేదో, కాలి కింద ఏదో మెత్తగా నలిగింది. తీసి చూస్తే అడుగు భాగం పొడిపొడిగా రాలుతోంది. పైన తోలు మాత్రం కొత్తదిలా మెరుస్తూనే ఉంది.

తర్వాత చదివి తెలుసుకున్నాను. పాలీయురేథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో చేసిన బూట్ల అడుగులను గాలిలోని తేమే కొన్నేళ్ళకు లోలోపల తినేస్తుందట. వాడకుండా పెట్టెలో మూసి ఉంచినా తప్పదట. నేను కాపాడుతున్నాననుకున్న ఏడేళ్ళూ అవి శిథిలమవుతూనే ఉన్నాయన్నమాట. డబ్బు పోయిందన్న బాధ కన్నా, వేసుకోకుండానే పోయాయన్న బాధ ఎక్కువైంది. వాటితో నడవాల్సిన దారులన్నీ పాత చెప్పులతోనే నడిచేశాను.

ఆ వెనకే నాన్న బైనాక్యులర్. దాని మీద 8×30 అని చెక్కి ఉంటుంది: ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు కటకం వెడల్పు 30 మిల్లీమీటర్లు. నాన్న పోయి పదకొండేళ్ళు. అప్పుడు గుడ్డలో చుట్టి పెట్టిన మూట మళ్ళీ ఇవాళే విప్పాను. కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూస్తే, కుడి కటకం అంచున సాలెపోగులాంటి సన్నని తెల్లటి గీత. బూజు. చీకటి, తేమ ఉన్న చోట అది కటకాలకు పడుతుంది; గాలీ వెలుతురూ తగులుతుంటే అంత తేలిగ్గా పట్టదు.

పై అంతస్తు కుర్రవాడు గుర్తొచ్చాడు. పదేళ్ళుంటాయి, పక్షులంటే ప్రాణం. వాడికిస్తే? అనుకున్న మరుక్షణమే మనసు అడ్డం తిరిగింది. పదకొండేళ్ళుగా తలుచుకోని వస్తువు ఒక్కసారిగా ప్రాణప్రదమైపోయింది.

1990లో డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాలు గుర్తొచ్చాయి. కొందరికి కప్పులిచ్చి ఎంతకు అమ్ముతారని అడిగారు. కప్పు లేనివారిని ఎంతకు కొంటారని అడిగారు. అమ్మేవారు చెప్పిన ధర కొనేవారి ధరకు సుమారు రెట్టింపు. కాసేపటి క్రితం చేతికొచ్చిన కప్పు సంగతే అది. నాన్న వేళ్ళ ఒరిపిడికి నలుపు పోయి ఇత్తడి తేలిన వస్తువు సంగతి వేరే చెప్పాలా!

యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన ఐదు యమాలలో, అంటే మనల్ని మనం అదుపులో పెట్టుకునే నియమాలలో, చివరిది అపరిగ్రహం. పరిగ్రహమంటే చుట్టూ చేతులు వేసి పట్టుకోవడం. చూసుకుంటే నిజంగానే దాన్ని రెండు చేతులతో పొట్టకు అదుముకుని కూర్చున్నాను. నా భయమేమిటో అప్పుడు తెలిసింది. ఇది వెళ్ళిపోతే నాన్న కూడా వెళ్ళిపోతారని.

చాలాసేపు అలాగే ఉన్నాను. సాయంత్రం మెట్లెక్కాను.

బూజు సంగతి వాళ్ళమ్మకు చెప్పి, శుభ్రం చేయించమని చెప్పి, వాడి చేతికిచ్చాను. వాడు వెంటనే కళ్ళకు పెట్టుకుని, "అంతా మసకగా ఉంది ఆంటీ" అన్నాడు.

"ముందు కుడి కన్ను మూసుకో. మధ్యలో చక్రం తిప్పు. ఎడమ కంటికి బాగా కనిపించాక, అది మూసి కుడి కన్ను తెరువు. ఇప్పుడు కుడివైపు రింగు తిప్పు. తొందరపడకు. పిట్ట ఎగిరిపోతే ఇంకో పిట్ట వాలుతుంది."

నోట్లోంచి వచ్చాక గానీ ఆ చివరి మాట ఎవరిదో తెలియలేదు. నాన్నది. అక్షరం పొల్లుపోకుండా, ఆ నిదానంతో సహా. బైనాక్యులర్ నా బీరువాలో ఉన్న పదకొండేళ్ళలో ఆ మాట ఒక్కసారీ గుర్తు రాలేదు. గొంతు పూడుకుపోయింది, కానీ లోపల ఎంత తేలిగ్గా ఉందో!

"ఆంటీ! పావురం కళ్ళు నారింజ రంగులో ఉన్నాయి!"

"ఏదీ, ఒకసారి ఇవ్వు, నేనూ చూస్తాను."

"ఆగండి ఆంటీ, ఇంకొంచెంసేపు."

ఆగాను.