ప్రాణం దక్కిన తరువాత కావలసిన వైద్యం

పక్షవాతానికి అత్యవసర వైద్యం వరంగల్‌లో నాకు సకాలంలోనే అందింది. రక్తనాళంలోని గడ్డను కరిగించే మందును లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపే ఇవ్వాలి కనుక, నర్సంపేట నుంచి నన్ను వెంటనే తరలించిన నా భార్యకు, ఆ రాత్రి చూసిన వైద్యులకు నేను ఎన్నటికీ రుణపడి ఉంటాను. అసలు కష్టం డిశ్చార్జి తరువాత మొదలైంది. కుడి కాలూ చెయ్యీ స్వాధీనంలో లేవు, మాట ముద్దగా వస్తోంది, నీళ్లు తాగితే పొలమారుతోంది. అటువంటి రోగిని కొన్ని వారాలు ఉంచుకొని ఫిజియోథెరపీ, మాట, మింగడం, చేతితో పనులు చేసుకోవడం అన్నీ ఒకేచోట చూసే పునరావాస ఆసుపత్రి ఎంత వెతికినా మాకు దగ్గరలో దొరకలేదు. చివరికి అప్పు చేసి, వరంగల్‌కు దాదాపు 145 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదు వెళ్లాం.

అక్కడ నా ఎడమ చేతికి మందమైన తొడుగు వేసి, శనగగింజలను కుడి చేతితోనే ఒక్కొక్కటిగా పళ్లెంలోంచి గిన్నెలోకి వేయమనేవారు. బొటనవేలు చూపుడువేలిని తాకేది కాదు. తాకినా గింజ జారిపోయేది. గడ్డం కిందికి వంచి కొద్దికొద్దిగా మింగడం నేర్పారు. లేపేటప్పుడు పడిపోయిన చేతిని పట్టి లాగితే భుజం దెబ్బతింటుందని, నడుము దగ్గర పట్టుకోవాలని నా భార్యకు చూపించారు. ఈ ఒక్క సంగతి ఇంటికి పంపేటప్పుడే ప్రతి కుటుంబానికీ చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

కోలుకోవడం చాలావరకు మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే జరుగుతుంది. పక్క మంచం మీద ఉన్న భూపాలపల్లి రైతు డబ్బు చాలక ఆ గడువు మధ్యలోనే ఇంటికి వెళ్లిపోయాడు. తరువాత ఫోను చేస్తే, చెయ్యి మోచేతి దగ్గర బిగుసుకుపోయిందని ఆయన కొడుకు చెప్పాడు. 1959 నుంచి వైద్య కళాశాల ఉన్న నగరం మన వరంగల్, ములుగు నుంచీ జనగామ నుంచీ రోగులు ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎంకే వస్తారు. వారికోసం ఇక్కడే ఒక పునరావాస విభాగం, అందులో కుటుంబసభ్యులకు శిక్షణ ఇచ్చే ఏర్పాటు తప్పనిసరిగా ఉండాలి.

నేను ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తున్నాను, మాట స్పష్టంగానే వస్తోంది. మణికట్టు ఇంకా పూర్తిగా తిరగదు కనుక ఫిజియోథెరపీ కోసం బస్సులో హనుమకొండ వెళ్తూనే ఉన్నాను.