ఎవరి వైపు నుంచి వచ్చింది?

"అమ్మమ్మకి ఎందుకు చెప్పకూడదు?" అని నిలదీశాడు మావాడు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తనకి సరిగ్గా తెలియదని స్కూల్లో అందరికీ చెప్పేశాడు. వీడియో కాల్‌లో ఊళ్ళోవాళ్ళకీ చెప్తానంటాడు. నేను వద్దన్నాను. ఇప్పటికీ వద్దనే అంటున్నాను.

చెప్తే మొదట వచ్చే ప్రశ్న, "ఎవరి వైపు నుంచి?" అని. నా వైపు నుంచే. ఈ లోపానికి కారణమైన జన్యువులు ఉండేది ఎక్స్ క్రోమోజోమ్ మీద. కొడుక్కి అది తల్లి నుంచే వస్తుంది. నాకు అన్ని రంగులూ కనిపిస్తాయి, మా నాన్నకి కనిపించేవి కావు. ఆయన కల్లంలో మిరపకాయని తొడిమ పట్టుకుని చెవి దగ్గర ఊపేవారు. గింజలు గలగలమంటేనే ఎండినట్టు లెక్క. అది ఆయన అలవాటనుకున్నాం గానీ, కారణం ఎవరూ అడగలేదు.

2021లో కరెంట్ బయాలజీ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చదివాక నాన్న మరీ గుర్తొస్తున్నారు. మావాడిలాంటి వాళ్ళ కంట్లో రంగుల్ని పసిగట్టే కోన్ కణాలు మూడు రకాలూ ఉంటాయి. కాకపోతే వాటిలో రెండు రకాలు దాదాపు ఒకే కాంతికి స్పందిస్తాయి. అందుకే ఎరుపు, ఆకుపచ్చల తేడా మెదడుకి బలహీనంగా చేరుతుంది. స్కాన్ చేసి చూస్తే, ఆ సంకేతం మెదడులో మొదట చేరే చోట బలహీనంగానే ఉందట. ఆ తర్వాతి భాగాల్లో మాత్రం మామూలు వాళ్ళకి దగ్గరగా పెరిగిందట. రేడియో సరిగ్గా వినపడకపోతే మనం వాల్యూమ్ పెంచుకున్నట్టు. అయినా రంగు చుక్కల మధ్య అంకెల్ని దాచి పరీక్షించే ఇషిహారా బొమ్మల్లో ఆ అంకెలు మావాడికి ఇంకా దొరకవు. కంట్లోనే కలిసిపోయిన తేడాని మెదడు మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తుంది?

మీ పిల్లలకీ ఇలా ఉంటే క్రేయాన్ల మీద పేర్లు రాసివ్వండి. టీచర్‌కి ముందే చెప్పండి. "ఇదేం రంగు?" అంటూ చుట్టాల ముందు పరీక్షలు పెట్టకండి.

టీచర్‌కి చెప్పమంటున్న నేనే మా అమ్మకి చెప్పనివ్వడం లేదు. రంగుల లోపం తక్కువగా ఉన్నవాళ్ళకీ డ్రైవింగ్ లైసెన్స్ ఇవ్వొచ్చని మన దేశంలో 2020లోనే నిబంధన మార్చారు. చుట్టాల నోళ్ళకి ఆ నిబంధన వర్తించదు కదా, అదే నా టెన్షన్.

వాడి చెల్లెలికీ నా నుంచి ఈ జన్యువు చేరే అవకాశం సగానికి సగం. రంగులన్నీ కనిపిస్తాయి కాబట్టి దాన్ని ఎవరూ ఏమీ అడగరు. రేపు పెళ్ళి మాటలప్పుడు చెప్పమనాలా, వద్దనాలా? నేనింకా ఏమీ తేల్చుకోలేదు. మావాడు మాత్రం చెల్లెల్ని కూర్చోబెట్టి, కాగితం మీద ఎక్స్‌లు గీసి అప్పుడే అంతా వివరించేశాడు.