మెత్తటి డోనట్లు: పిండిని జిగురుగానే ఉండనివ్వాలి

ఇంట్లో చేసిన డోనట్ గట్టిగా వస్తే అందరూ ఈస్ట్‌ను తిడతారు. నేను చూసినంతలో తప్పు ఎక్కువగా పొడి పిండిదే. చపాతీ పిండి తడిపే అలవాటుతో, చేతికి అంటుకోగానే ఇంకో గుప్పెడు మైదా చల్లేస్తాం. అక్కడే మెత్తదనం పోతుంది.

పన్నెండు డోనట్లకు నా కొలత: మైదా 300 గ్రాములు, పాలు 160 మి.లీ., గుడ్డు ఒకటి, చక్కెర 35 గ్రాములు, వెన్న 40 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 5 గ్రాములు, ఉప్పు 4 గ్రాములు. గుడ్డు వద్దనుకుంటే పాలు 40 మి.లీ., వెన్న 10 గ్రాములు పెంచాలి. కప్పుతో తీస్తే మైదా ఒక్కోసారి ఒక్కో తీరు పడుతుంది, తూకమే నయం.

ఆ మైదాలోంచే 20 గ్రాములు, ఆ పాలలోంచే 100 మి.లీ. తీసి, ఉండలు లేకుండా కలిపి, సన్నమంట మీద జావలా చిక్కబడేదాకా తిప్పుతాను. ఉడికిన పిండి తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి తెల్లారినా డోనట్ ఎండిపోదు. అది పూర్తిగా చల్లారాకే మిగిలినవి కలపాలి. 60 డిగ్రీల దగ్గర ఈస్ట్ చచ్చిపోతుంది.

వెన్న తప్ప అన్నీ కలిపి ఐదారు నిమిషాలు పిసికాక, వెన్న కొద్దికొద్దిగా వేస్తూ ఇంకో పది నిమిషాలు. వెన్న పడగానే ముద్ద విడిపోయి జారుడుగా అవుతుంది. భయపడి మైదా చల్లొద్దు, మళ్లీ కలుస్తుంది. మరీ అంటుకుంటే పది నిమిషాలు మూతపెట్టి వదిలేసి, చేతికి నూనె రాసుకుని మొదలుపెట్టండి. చిన్న ముక్కను సాగదీస్తే తెగకుండా వెలుతురు కనిపించేంత పలుచని పొర రావాలి.

ఇక పొంగే సంగతి. వంటపుస్తకాల్లో రాసే గంటన్నర చలికాలానికి సరే. మే నెలలో నల్లగొండ 43, 44 డిగ్రీలు చూస్తుంది, వంటింట్లో పిండి ముక్కాలు గంటకే రెట్టింపవుతుంది. చూసుకోకపోతే పులిసిన వాసన వచ్చి, వేయించేటప్పుడు నూనె తాగుతుంది. అందుకే ఎండాకాలం ఈస్ట్ 3 గ్రాములకు తగ్గించి, ఫ్రిజ్‌లోని చల్లటి పాలే పోస్తాను. రాత్రి పిసికి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున్నే ఒత్తడం ఇంకా మంచిది. వెన్న గట్టిపడి ఉంటుంది కాబట్టి అంటుకోదు, రుచీ పెరుగుతుంది.

అర అంగుళం మందాన ఒత్తి, వెడల్పు మూతి ఉన్న స్టీలు గ్లాసుతో గుండ్రంగా, సీసా మూతతో నడిమి రంధ్రం కొయ్యాలి. గ్లాసును తిప్పొద్దు, నిటారుగా నొక్కి తీయాలి. తిప్పితే అంచు మూసుకుపోయి ఒకవైపే లేస్తుంది. ఒక్కోదాన్ని విడిగా బటర్ పేపర్ ముక్క మీద పెట్టి, గుడ్డ కప్పి మళ్లీ పొంగనివ్వాలి: ఎండాకాలం ఇరవై నిమిషాలు, చలికాలం ముప్పావు గంట. వేలితో మెల్లగా నొక్కితే గుంట నెమ్మదిగా, సగమే లేవాలి. టక్కున లేస్తే ఇంకా ఆగాలి, అసలే లేవకపోతే ఆలస్యమైనట్టే, ఇక వెంటనే వేయించేయడమే.

నూనె వేడి 170–175 డిగ్రీలు. థర్మామీటర్ లేకుంటే నడిమి ముక్కల్లో ఒకటి వేసి చూడండి. నిమిషంలో బంగారు రంగుకు రావాలి. అంతకు ముందే నల్లబడితే లోపల పచ్చిగా ఉంటుంది, రంగే రాకపోతే నూనె పీలుస్తుంది. గుంట కడాయి కన్నా అడుగు సమంగా, వెడల్పుగా ఉన్న గిన్నె నయం. కాగితంతో సహా నూనెలో వదిలితే ఆకారం చెడదు, కాగితం ఊడగానే తీసేయాలి. ఒక్కో వాయికి రెండు మూడే, ఎక్కువేస్తే వేడి పడిపోతుంది. ఒక్కోవైపు నిమిషం, నిమిషంపావు, ఒక్కసారే తిప్పాలి. చుట్టూ తెల్లటి గీత నిలిచిందంటే సరిగ్గా పొంగినట్టు.

జాలిగంటెతో తీసి, నూనె వడిచాక గోరువెచ్చగా ఉండగానే చక్కెరలో దొర్లించాలి, చల్లారితే అంటదు. పాకంలా పూత కావాలంటే 150 గ్రాముల చక్కెర పొడిలో రెండు మూడు చెంచాల పాలు, ముంచేది మాత్రం కాస్త చల్లారాకే. మిగిలినవి ఫ్రిజ్‌లో పెడితే తొందరగా గట్టిపడతాయి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో బయటే ఉంచి, మర్నాడు మైక్రోవేవ్‌లో పది సెకన్లు పెడితే చాలు.