విజయనగరం మెస్సులో ఘంటసాల పంచాయితీ

విజయనగరం స్టేషన్లో దిగి కోట దాకా ఎంత అంటే ఆటో అబ్బాయి నూట ఇరవై అన్నాడు. మా గుడివాడలో ఆ డబ్బుకి ఊరంతా చుట్టి ఇంటి దగ్గర దింపుతారు. బేరమాడితే వంద దగ్గర ఆగి, ఇక దిగనన్నాడు. రోడ్డు మీదికొచ్చి షేర్ ఆటో ఎక్కితే పదిహేను రూపాయలకే మూడు లాంతర్ల దగ్గర దింపారు. మోకాళ్ల మీద ఎవరిదో కూరగాయల సంచీ పెట్టుకుని కూర్చోవాల్సొచ్చింది, అంతే తేడా.

వెళ్లింది పిన్ని కొడుకు గృహప్రవేశానికి. దాని గురించి రాయడానికేమీ లేదు. అన్ని గృహప్రవేశాల్లాగే పొగ, పొంగిన పాలు, ఆలస్యంగా వచ్చిన పురోహితుడు. మర్నాడు సాయంత్రం బండి దాకా ఖాళీ. పైడితల్లమ్మకి దణ్ణం పెట్టుకుని, గంటస్తంభం చూసి, కోట చుట్టూ సగం దూరం నడిచేసరికి ఎండ నెత్తికెక్కింది. ఆకలి అంతకంటే ముందే ఎక్కింది.

ఓ సందులో మెస్సు కనపడింది. నాలుగు బల్లలు, స్టీలు కంచాల మీద కోసి పరిచిన అరిటాకు ముక్కలు. భోజనం నూట ముప్పై అని గోడ మీద పెయింటుతో రాసి, పాత ధర మీద సున్నం పూశారు. సున్నం కిందనుంచి తొంభై ఇంకా కనపడుతూనే ఉంది. పనసపొట్టు కూరలో ఆవ పెట్టారు చూడండి, మొదటి ముద్దకే ముక్కులోంచి పొగలొచ్చాయి. అంత ఘాటు కూర పక్కనే ముక్కల పులుసు మాత్రం బెల్లం పాకం. కృష్ణాజిల్లా నాలుక మీద పులుసులో తీపి తగిలితే ఎవరో మోసం చేసినట్టే ఉంటుంది. నా మొహం చూసి ఎదురుగా కూర్చున్న పెద్దాయన నవ్వారు.

"ఎక్కడ్నుంచి వచ్చినారు బాబూ?"

"గుడివాడ అండి."

"అయితే ఘంటసాల ఊరోలన్నమాట."

నాకు ప్రాణం లేచొచ్చింది. అవునండీ, చౌటపల్లి మా పక్కనే, 1922లో అక్కడే పుట్టాడాయన అని గర్వంగా చెప్పాను. మా నాన్న చిన్నప్పట్నుంచీ నా చెవిలో పోసిన మాటలే అవి. పెద్దాయన చారు పోసుకుంటూ, తల కూడా ఎత్తకుండా అన్నారు: "పుడితే పుట్నాడు. అన్నం పెట్టింది మేవు."

తర్వాత గంటసేపు ఆయన ఈ ఊరి గొప్పవాళ్ల లెక్క తీశారు. లెక్కంటే బిరుదులు కాదు, ఎవరు ఎవరింట్లో తిన్నారన్నది. ఘంటసాల సంగీతం నేర్చుకుంటానని చేతి ఉంగరం అమ్ముకుని ఈ ఊరొస్తే, సంగీత కళాశాలకి వేసవి సెలవులట. ప్రిన్సిపాల్ ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఆవరణలో ఉండనిచ్చారు. రోజుకో ఇంట్లో వారాలు. తోటి పిల్లలు చేసిన అల్లరి ఈయన మెడకి చుట్టుకుని ఆ ఇళ్లూ మూసుకుపోతే గుళ్లో తలదాచుకున్నాడు. చివరికి పట్రాయని సీతారామశాస్త్రిగారు ఇంట్లో చోటిచ్చి, పైసా పుచ్చుకోకుండా పాఠం చెప్పారు. ఆ గురువుగారి ఇంట్లోనూ కలిమి లేదు. అందుకని కుర్రాడు జోలె కట్టుకుని వీధులెంట మాధుకరం ఎత్తాడు. ఈ కథ నాకు తెలిసిందే. తెలియని సంగతేమిటంటే, ఆ వీధుల్లో కూర్చుని పనసపొట్టు కూర తింటూ వింటే ముద్ద మింగడం కష్టమని.

"గురజాడ మాత్రం?" అన్నారాయన. నిజమే. పుట్టింది ఎస్.రాయవరంలో, 1862లో. తండ్రి పోయాక ఈ ఊరొచ్చిన పిల్లాడికి మహారాజా కళాశాల ప్రిన్సిపాల్ చంద్రశేఖరశాస్త్రిగారు తిండీ బసా ఇచ్చి చదివించారు. ఆ కాలేజీలోనే తర్వాత పాఠాలు చెప్పాడు. 1892లో కన్యాశుల్కం మొదటిసారి ఆడింది కూడా ఈ ఊళ్లోనే. కోడి రామమూర్తి నాయుడుది వీరఘట్టం. చదువు అబ్బడంలేదని తండ్రి ఇక్కడున్న పినతండ్రి దగ్గరికి పంపించాడు. చదువు సంగతేమో గానీ వ్యాయామం అబ్బింది. ఈ ఊళ్లోనే డ్రిల్లు మాస్టారయ్యాడు, ఆనక సర్కస్ కంపెనీ పెట్టి గుండెల మీద ఏనుగుని ఎక్కించుకున్నాడు. "ఆ ఒంటికి తిండి పెట్టడం మాటలా బాబూ!" అన్నారు పెద్దాయన, తనే వండి పెట్టినట్టు.

ద్వారం వారిది ఇంకో రకం కథ. పుట్టింది బెంగుళూరులో. 1919లో విజయరామ గజపతి సంగీత కళాశాల పెట్టినప్పుడు ఈయన విద్యార్థిగా చేరదామని వచ్చాడట. వయొలిన్ విన్నాక పాఠం నేర్పే ఉద్యోగమే ఇచ్చారు. అప్పటికాయనకి ఇరవయ్యారేళ్లు. అప్పటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, హరికథా పితామహుడు. చేతులతో, కాళ్లతో, తలతో వేర్వేరు తాళాలు ఒకేసారి వేసినవాడు. దాసుగారిదీ ఈ ఊరు కాదు, అజ్జాడ. అసలా కాలేజీ పెట్టిందే దర్బారు ఉద్యోగి ఒకాయన కొడుక్కి, చూపులేని పిల్లాడికి, సంగీతం నేర్పించడానికని ఊళ్లో చెప్పుకుంటారు. రాజులు పిల్లాడి చేతిలో నాలుగు డబ్బులు పెట్టి పంపించెయ్యొచ్చు కదా. కాలేజీ పెట్టారు!

"మీ ఊళ్లో పుట్టినవాళ్లే లేరా మరి?" అని కాస్త ఎకసెక్కంగానే అడిగాను. అప్పటికి పులుసు తీపి, ఆటో వంద, రెండూ కలిసి నా నోట మాట్లాడుతున్నాయి.

"సుశీలమ్మ నేదా?" అని గద్దించారు. 1935లో ఇక్కడే పుట్టి, ఇక్కడే సంగీతం చదువుకున్న మనిషి. పదిహేడు వేల పైచిలుకు పాటలకి 2016లో గిన్నిస్ వాళ్లు రికార్డు ఇచ్చారు. దానికి నా దగ్గర జవాబు లేదు. మా అమ్మ వంటింట్లో పొద్దున్నే పెట్టేవి ఆ పాటలే.

రెండోసారి పెరుగు అడిగినందుకు బిల్లులో ఇరవై కలిపారు. అన్నం పెట్టిన ఊరు పెరుగుకి డబ్బులు తీసుకుంటుందా అని పెద్దాయన్ని అడిగితే, "వారాల రోజులు పోనాయి బాబూ, గ్యాసు బండ ఎంతుందో తెలుసా" అన్నారు. తన బిల్లు తను కట్టుకుని, గొడుగేసుకుని వెళ్లిపోయారు. పేరు అడగలేదు, చెప్పలేదు.

సంగీత కళాశాల ముందు కాసేపు నిలబడ్డాను. లోపల ఎవరో పిల్లలు సరళీ వరసలు సాధన చేస్తున్నారు. ఒకమ్మాయి దగ్గర శ్రుతి పదేపదే జారుతోంది, మళ్లీ మొదట్నుంచీ అందుకుంటోంది. స్కూటర్ల హారన్లలో సగం వినపడలేదు. సీతారామశాస్త్రిగారి ఇల్లు ఎక్కడుండేదని దారినపోయేవాళ్లని అడిగితే ఒకరు ఇటు చూపించారు, ఒకరు అటు. మూడో ఆయన నన్నే ఎదురడిగాడు, ఏ శాస్త్రిగారని. ఆ ఇల్లు దొరకలేదు. కాళ్లు మాత్రం బొబ్బలెక్కాయి.

బండి గంటన్నర లేటు. ప్లాట్‌ఫారం మీద మరమరాల మిక్చర్ తింటూ నాన్నకి ఫోన్ చేసి పెద్దాయన మాట చెప్పాను. పుడితే పుట్నాడు, అన్నం పెట్టింది మేము అన్నాడని. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మొదలెట్టారు. ఆ గొంతు ఎవరి గాలి పీల్చి వచ్చింది, చిన్నప్పుడు భజనల్లో తండ్రి భుజాల మీద ఎక్కించుకుని తిప్పింది ఎక్కడ, ఆ ముసలాయన ఫోన్ నంబరు ఎందుకు తీసుకోలేదు అని. చార్జింగ్ అయిపోతోందంటే కూడా వినలేదు. సింహాచలం స్టేషన్ దాటేదాకా ఘంటసాల మావాడేనని ఫోన్లో నాకే రుజువు చేస్తూ ఉన్నారు, నేనేదో విజయనగరం తరఫు వకీలునైనట్టు.