నిలబడితే గుండె దడ: పాట్స్‌తో నా అనుభవం

ఈసీజీ, ఎకో, థైరాయిడ్, హిమోగ్లోబిన్... రిపోర్టులన్నీ నార్మల్. నేను మాత్రం పొయ్యి దగ్గర నిలబడి నాలుగు దోసెలు కూడా వేయలేకపోయేదాన్ని. గుండె దడదడలాడేది, కళ్ళు బైర్లు కమ్మేవి, అట్లకాడ పక్కన పడేసి నేల మీద కూలబడిపోయేదాన్ని. పడుకుంటే కాసేపటికి సర్దుకునేది. కోవిడ్ తగ్గిన కొన్నాళ్ళకి మొదలైంది ఇది. "రక్తం తక్కువైందే, దానిమ్మ తిను" అనేది అమ్మ. ఒక డాక్టరైతే "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అని నిద్రమాత్రలు రాశారు.

ఆ పరీక్షలన్నీ నన్ను పడుకోబెట్టో కూర్చోబెట్టో చేసినవే. నా బాధంతా నిలబడినప్పుడు! హైదరాబాద్‌లో చూపించుకున్న కార్డియాలజిస్టు మొదటిసారి నిలబెట్టి చూశారు. ముందు కాసేపు కదలకుండా పడుకోమని బీపీ, పల్స్ రాసుకున్నారు. పల్స్ 76. తర్వాత గోడకి ఆనుకుని నిలబడమన్నారు. మాట్లాడకూడదు, కాళ్ళు కదపకూడదు. నర్సు పైకి చదువుతోంది: 98, 109, 117... పదో నిమిషానికి 122. బీపీ మాత్రం పడలేదు. కిందికి చూస్తే నా పాదాలు వంకాయ రంగుకి తిరిగాయి. ఇన్నాళ్ళకి నా బాధ కాగితం మీదకి ఎక్కిందన్న ఊరటతో అక్కడే ఏడ్చేశాను.

నిలబడగానే అరలీటరో, అంతకన్నా ఎక్కువో రక్తం పొట్టలోకీ కాళ్ళలోకీ దిగుతుందట. మామూలుగా రక్తనాళాలు బిగుసుకుని దాన్ని పైకి పంపిస్తాయి. అది సరిగా జరగకపోతే మెదడుకి రక్తం తగ్గకుండా గుండె వేగం పెంచేస్తుంది. నిలబడిన పది నిమిషాల్లోపు పల్స్ పెద్దవాళ్ళకి కనీసం 30, టీనేజీ పిల్లలకి కనీసం 40 పెరిగి, బీపీ పడకుండా, ఈ బాధ మూడు నెలలు దాటి ఉంటే, రక్తహీనత, థైరాయిడ్ లాంటివి కావని తేలితే, అది పోస్చురల్ ఆర్థోస్టాటిక్ టాకికార్డియా సిండ్రోమ్. అందరూ పాట్స్ అంటారు. ఎక్కువగా వచ్చేది ఆడవాళ్ళకే. అందుకే "టెన్షన్" అని కొట్టిపారేయడం వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

వైద్యం ఉప్పు, నీళ్ళతో మొదలైంది. నాన్నకి బీపీ ఉందని మా ఇంట్లో చప్పగా వండుతారు, నాకేమో ఉప్పు పెంచమన్నారు! రోజుకి మూడు లీటర్ల దాకా నీళ్ళు, మధ్యాహ్నం ఉప్పు మజ్జిగ. మంచం దిగేముందే పెద్ద గ్లాసుడు నీళ్ళు గటగటా తాగేస్తే పొద్దున దడ బాగా తగ్గింది. బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పకుండా ఉప్పు జోలికి వెళ్ళొద్దు. మోకాలి దాకా వచ్చే బిగుతు సాక్సులతో పెద్దగా తేడా తెలియలేదు, నడుము దాకా వచ్చేవి పనిచేశాయి. మే ఎండల్లో వాటిని వేసుకోవడం నరకమే.

వ్యాయామం చాలా నెమ్మదిగా సాగింది. మొదట పడుకునే కాళ్ళు ఎత్తడం, తర్వాత వెనక్కి ఆనుకుని తొక్కే సైకిల్. ఒక్కరోజు హుషారుగా ఎక్కువ చేస్తే మర్నాడు మంచానికే పరిమితం. కొన్నాళ్ళకి గుండె వేగం తగ్గించే ఐవాబ్రాడిన్ మాత్ర కూడా ఇచ్చారు, అది వాడినన్నాళ్ళూ గర్భం రాకుండా జాగ్రత్తపడాలని గట్టిగా చెప్పారు.

ఇప్పుడు ఎత్తు స్టూలు మీద కూర్చుని వండుతున్నాను. గుడి క్యూలో కాళ్ళు మెలేసి తొడలు బిగించి నిలబడితే కాస్త ఓర్చుకోగలుగుతున్నాను. ఎండాకాలం ఇంకా కష్టమే. ఇలాంటి బాధే మీకూ ఉంటే, పక్కన ఒక మనిషిని పెట్టుకుని, పడుకున్నప్పుడూ నిలబడ్డాకా పల్స్, బీపీ చూసి రాసుకోండి. ఆ కాగితం డాక్టరుకి చూపించి, మిమ్మల్ని నిలబెట్టి పరీక్ష చేయమని అడగండి.