మూత పెట్టి ఉడికించిన డబుల్ బీన్స్

విశాఖ సీతమ్మధారలో మా డాబా మీద డబుల్ బీన్స్ తీగ పందిరంతా అల్లుకుంది. చుట్టాలిచ్చిన విత్తనాలు, గింజ మీద ఊదా మచ్చలు. సంక్రాంతి వెళ్ళాక ఎండుకాయలు ఒలిచి వదిన గుగ్గిళ్ళు చేసింది. సన్నసెగ మీద, మూత పెట్టి. పైకి మెత్తగానే ఉన్నా లోపల పలుకు. కాస్త చేదనిపించి మిగతావాళ్ళు వదిలేశారు. నేను ఆకలి మీదుండి గిన్నెడు తిన్నాను.

రెండు గంటలు గడవకముందే వికారం, ఆగని వాంతులు. తల దిమ్మెక్కి, ఆయాసం మొదలయ్యేసరికి నిజంగా భయం వేసింది. అన్నయ్య కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఏం తిన్నారని డాక్టరు అడగ్గానే వదిన చీర కొంగు ముడి విప్పి నాలుగు ఎండు గింజలు చూపించింది. ఆయన ఒకదాన్ని ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ తిప్పి చూసి, వెంటనే ఆక్సిజన్, సెలైన్ పెట్టించారు. రాత్రంతా అక్కడే ఉంచారు.

ఈ గింజల్లో లినమారిన్ అనే రసాయనం ఉంటుందట. పచ్చిగింజను నమిలితే అందులోని ఎంజైమ్ తగిలి హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది. అమెరికా తెల్ల రకంలో 100 గ్రాములకు 10 మిల్లీగ్రాముల దాకా వస్తే, కొన్ని నల్ల, రంగు రకాల్లో 300 వరకూ కొలిచారు. దీనికి గింజలోనే ఉండే లెక్టిన్ అనే ప్రోటీన్ తోడైతే వాంతులు, విరేచనాలు. సన్నసెగకు ఆ లెక్టిన్ చావదు.

ఇంటికొచ్చాక గంజి, చారన్నంతో నెట్టుకొచ్చాను. నీరసం ఒక పట్టాన వదల్లేదు. నాకంటే వదినే ఎక్కువ కుమిలిపోయింది. ఆమె తప్పేముంది? గింజ ఏదైనా ఒకేలా ఉడికిస్తాం కదా ఎవరమైనా.

ఇప్పుడు తెల్లగింజ రకమే వేస్తున్నాం. రాత్రి నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తాం. బోలెడు కొత్త నీళ్ళు పోసి, మూత లేకుండా, కిటికీ తెరిచి, తెర్లే నీళ్ళలో అరగంటకు తక్కువ కాకుండా ఉడికిస్తాం. హైడ్రోజన్ సయనైడ్ 26 డిగ్రీలకే మరుగుతుంది, ఆవిరితో పాటే పోతుంది. మిగిలిన నీళ్ళూ వంపేయాల్సిందే. కట్టు తీసి చారు పెట్టే అలవాటు ఈ గింజకు పనికిరాదు. వేళ్ళ మధ్య పిండిలా చితికితేనే తాలింపు.

మొదటిసారి మళ్ళీ తిన్నప్పుడు చాలా టెన్షన్ పడ్డాను. ఏమీ కాలేదు. విత్తనాలు అడిగినవాళ్ళకు ఇస్తూనే ఉన్నాను, పిల్లల్ని పచ్చిగింజ కొరకనివ్వొద్దని చెప్పి మరీ.