బాపు కారుల కొత్త స్టీరియో

నిన్న హన్మకొండల ఇంటి ముందట, బాపు కారులకెళ్లి పాత స్టీరియో తీసి 7 ఇంచులది కొత్తది నేనే బిగించిన. ముందుగాల బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసిన. పాట మంచిగనే వచ్చింది. కానీ బండి బంద్ చేస్తే చాలు, టైం, స్టేషన్లు అన్నీ మర్చిపోతుంది! మల్టీమీటర్ పెట్టి చూస్తే సమజైంది. స్టీరియో పసుపు వైరుకు ఎప్పటికీ 12 వోల్టులు అందాలె, ఎర్రదానికి తాళం తిప్పినంకనే రావాలె. మా కారు దిక్కు అవి రెండు ఉల్టా ఉన్నయి. మార్చి, టేపు చుట్టి, వైర్లన్నీ మల్ల లోపటికి సదిరిన. వేళ్లు గీరుకపోయినయి, అయినా మస్తు సంబురమైంది.

ఇయ్యాల పొద్దుగాల బాపు తాళం తిప్పంగనే ఆకాశవాణి వరంగల్ దానంతట అదే మోగింది. "యాది పెట్టుకున్నదిరా!" అనుకుంట సౌండ్ ఇంకింత పెంచిండు.